వరి దుబ్బు మొదట్లో కనిపించే మరుగుజ్జు సాలీడు ఎరిగోనె అవునా, కాదా?

ప్రశ్న అడిగిన వారికి నమస్కారం. గుణుపురం దగ్గర వంశధార ఒడ్డున ఉన్న వరి పొలాల్లో, దుబ్బుల మొదట్లో దొరికిన రెండు మిల్లీమీటర్ల సాలీళ్ళ ఫొటోలు పెట్టి మీరు మూడు విషయాలు అడిగారు. ఇవి అక్కడి రైతులు అంటున్నట్టు పెద్ద సాలీళ్ళ పిల్లలా, లేక ఎదిగినవేనా? ఎదిగినవైతే, మీ కళాశాల గ్రంథాలయంలోని పాత పుస్తకం చెబుతున్నట్టు ఇవి ఎరిగోనె ప్రజాతికి చెందినవేనా? మీ సీసాలో ఎక్కువగా ఉన్నవి ఆడవే కాబట్టి ఆడదాన్ని చూసి ప్రజాతి పేరు రాయవచ్చా? పర్లాకిమిడి, కాశీనగర్ వైపు పొలాల్లో ఇలాంటి సాలీళ్ళను చాలా కాలంగా సేకరించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తున్నవాడిగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందుగా సూటి సమాధానం: మీ ఫొటోల్లోనివి పిల్లలు కావు, ఎదిగిన మరుగుజ్జు సాలీళ్ళు, అయితే అవి ఎరిగోనె కావు. మీరు తీసిన మగదాని ఫొటోలో శిరోవక్షం (తల, ఛాతీ కలిసిన ముందు భాగం) అంచు నున్నగా ఉంది, పెడిపాల్ప్ (నోటి పక్కన ఉండే చిన్న కాలి వంటి అవయవం, క్లుప్తంగా పాల్ప్) మోకాలి కిందికి పొడుచుకు వచ్చే పన్ను లేదు. ఈ రెండూ లేని మగ సాలీడును ఎరిగోనె అనడానికి వీలు లేదు. ఉదరం మీద మూడు జతల బూడిదరంగు అడ్డపట్టీలు ఉండటాన్ని, నీటికి కాస్త పైన పిలకల మధ్య గూడు అల్లుకుని ఉండటాన్ని బట్టి చూస్తే, వరి కీటకశాస్త్ర పుస్తకాల్లో అటిపీనా ఫార్మోసానా అనే పేరుతో కనిపించే సాలీడు అయ్యే అవకాశమే ఎక్కువ. ఆ పేరును కూడా మగదాని పాల్ప్ చూసిన తరువాతే ఖాయం చేయాలి. ఆడవాటిని మాత్రం, వాటితో పాటు అదే చోట పట్టిన మగది చేతిలో ఉంటే తప్ప, ప్రజాతి దాకా తీసుకుపోవద్దని నా సలహా.

ఇక కారణాలు. పిల్లదా ఎదిగినదా అన్నది పరిమాణం చూసి తేల్చే విషయం కాదు. మన పొలాల్లో తోడేలు సాలీడు పిల్ల కూడా రెండు మిల్లీమీటర్లే ఉంటుంది, టెట్రాగ్నాథా అనే పొడవాటి సాలీడు పిల్ల కూడా అంతే ఉంటుంది. మగవాటిలో చూడవలసింది పెడిపాల్ప్ చివరి ఖండం. చివరి కుబుసం విడవడానికి ముందు అది ఉబ్బి, లేతగా, ఏ నిర్మాణమూ బయటికి కనబడకుండా ఉంటుంది. చివరి కుబుసం విడిచాక అందులోని గట్టిపడిన గోధుమరంగు పలకలు, కొక్కేలు, ముల్లు విడివిడిగా కనిపిస్తాయి. ఆడవాటిలో ఉదరం అడుగున, పుస్తకాకార ఊపిరితిత్తుల మధ్య, గట్టిపడిన చిన్న పలక ఉంటుంది. జననరంధ్రం ఉండే ఆ పలకను ఎపిజైన్ అంటారు. అది కనిపిస్తే ఆ జీవి ఎదిగినట్టే. తోడేలు సాలీడు పిల్లను కళ్ళను బట్టి కూడా వేరు చేయవచ్చు: దానికి ముందు వరుసలో నాలుగు చిన్న కళ్ళు, వాటిపైన రెండు పెద్ద కళ్ళు, ఇంకా వెనుక రెండు ఉంటాయి. మరుగుజ్జు సాలీడుకు ఎనిమిది కళ్ళూ దాదాపు ఒకే పరిమాణంలో రెండు వరుసల్లో ఉంటాయి.

ఎరిగోనె, అటిపీనా, వీటి బంధువులన్నీ లినిఫియిడే కుటుంబానికి చెందినవి. దూకే సాలీళ్ళ కుటుంబమైన సాల్టిసిడే తరువాత సాలీళ్ళలో జాతుల సంఖ్యలో రెండవ స్థానం దీనిదే. 600కు పైగా ప్రజాతులు, 4,500కు పైగా జాతులు ఇందులో ఉన్నాయి. ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడానికి నేను మొదట చూసేది కెలిసెరాల (కోరలు ఉండే దవడల) బయటి పక్కన సన్నని గీతల వరుస. పెడిపాల్ప్‌ను దాని మీద రుద్ది ఈ సాలీళ్ళు శబ్ద ప్రకంపనలు పుట్టిస్తాయి. రెండవది, కాలు తెగిపోయినప్పుడు అది మోకాలి ఖండానికి, దాని తరువాతి జంఘ ఖండానికి మధ్య తెగుతుంది; చాలా ఇతర సాలీళ్ళలో కాలు మొదట్లోనే ఊడుతుంది. ఆల్కహాల్ సీసాలో నమూనాలు వేసిన తరువాత కాళ్ళు ఎక్కడ విరిగి ఉన్నాయో చూడటం అలవాటు చేసుకుంటే, ఈ ఒక్క విషయమే చాలాసార్లు కుటుంబాన్ని చెప్పేస్తుంది. మూడవది, మగదాని పాల్ప్ మొదట్లో పారాసింబియం అనే చిన్న కొక్కెం విడి ముక్కగా ఉంటుంది.

ఈ కుటుంబంలో మరుగుజ్జు సాలీళ్ళను ఎరిగోనినే అనే ఉపకుటుంబంగా చూస్తారు. వీటిలో ఆడదాని పెడిపాల్ప్ చివర గోరు ఉండదు. మగదాని పాల్ప్ జంఘ ఖండం మీద ముందుకు పొడుచుకు వచ్చే ఒక నిర్మాణం ఉంటుంది. వాయునాళాలు ఉదరంలోనే ఆగిపోకుండా శాఖలుగా చీలి శిరోవక్షంలోకి చేరుతాయి. మూడవదాన్ని చూడాలంటే కణజాలం కరిగించి చూడాలి కాబట్టి పొలంలో దాని వల్ల ప్రయోజనం లేదు, కానీ వర్గీకరణలో దానికున్న బరువు పెద్దది. ఫ్రాంక్ మిల్లిడ్జ్ 1984లో ఎపిజైన్‌తో పాటు వాయునాళాలను ప్రధాన ఆధారంగా తీసుకుని ఈ కుటుంబాన్ని పునర్విభజించే ప్రయత్నం చేశారు. గుస్తావో హోర్మిగా 2000లో ఎన్నో శరీర లక్షణాలను కలిపి ఎరిగోనినేల వంశవృక్షాన్ని నిర్మించారు.

ఇప్పుడు ఎరిగోనె శరీర నిర్మాణం గురించి కాస్త నిదానంగా చెప్పుకుందాం, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు సమాధానం అక్కడే ఉంది. ఇవి సుమారు రెండు నుంచి మూడు మిల్లీమీటర్ల సాలీళ్ళు. శిరోవక్షం నిగనిగలాడే ముదురు గోధుమ లేదా నలుపు రంగులో ఉంటుంది, ఉదరం బూడిద లేదా నలుపు, కాళ్ళు లేత గోధుమ లేదా నారింజ ఛాయ. రంగు వరకే చూస్తే డజన్ల కొద్దీ ప్రజాతులు ఇలాగే ఉంటాయి. మగదానిలో నాలుగు చోట్ల పళ్ళు చూడండి. శిరోవక్షం పక్క అంచుల వెంట రంపం పళ్ళలా చిన్న చిన్న పళ్ళు వరుసగా ఉంటాయి. కెలిసెరాల ముందు, బయటి ముఖాల మీద బొడిపెల్లాంటి పళ్ళు ఉంటాయి. పెడిపాల్ప్ తొడ ఖండం సన్నగా, పొడవుగా, కొద్దిగా వంగి ఉండి, దాని అడుగున మరొక పళ్ళ వరుస ఉంటుంది. అన్నిటికంటే స్పష్టమైనది నాలుగవది: పాల్ప్ మోకాలి ఖండం కూడా పొడవుగా సాగి, దాని చివర అడుగు వైపుకు ఒక పెద్ద కోణాకార పన్ను దిగుతుంది. ఆ తరువాతి జంఘ ఖండం చివరికి వచ్చేసరికి వెడల్పవుతుంది. ఈ మొత్తం అమరిక వల్ల ఎరిగోనె మగదాని పాల్ప్ దాని చిన్న శరీరంతో పోలిస్తే చాలా పొడవుగా, మధ్యలో మడిచినట్టు కనిపిస్తుంది. పది రెట్లు పెద్దది చేసే మామూలు చేతి భూతద్దంతో కూడా మోకాలి పన్ను తెలుస్తుంది. అందుకే, మగది దొరికిన పక్షంలో, ఎరిగోనెను గుర్తించడం మరుగుజ్జు సాలీళ్ళలో సులభమైన పనుల్లో ఒకటి.

ప్రజాతిని తేల్చడం సులభమే కానీ అందులో జాతిని తేల్చడం అంత సులభం కాదు. ఈ ప్రజాతిలో వందకు పైగా జాతులు ఉన్నాయి. వాటిని విడదీసేది మోకాలి పన్ను పొడవు, జంఘ ఖండం చివర ఆకృతి, పాల్ప్ చివర ఎంబోలస్ (వీర్యాన్ని ఆడదానిలోకి చేర్చే ముల్లు) చుట్టూ ఉండే సూక్ష్మ నిర్మాణాల అమరిక. శిరోవక్షం అంచు పళ్ళ సంఖ్య, కెలిసెరాల బొడిపెల సంఖ్య ఒకే జాతిలో ఒక్కొక్క మగదానికి ఒక్కొక్క తీరుగా ఉంటాయి కాబట్టి వాటిని లెక్కపెట్టి జాతి పేరు రాయకూడదు.

మీ మగదాని తల కాస్త ఉబ్బెత్తుగా ఉండటం వల్లనే మీకు ఎరిగోనె అనిపించిందని రాశారు. ఎరిగోనె మగదాని తల ఎత్తుగా ఉంటుందన్నది నిజమే, కానీ అది నున్నని గుండ్రని ఎత్తు మాత్రమే. మరుగుజ్జు సాలీళ్ళలో చాలా ప్రజాతుల మగవాటికి తల మీద గుంటలు, గాళ్ళు, బుడిపెలు, కుచ్చులుగా వెంట్రుకలు ఉంటాయి; వాల్కెనేరియా అక్యుమినేటా అనే ఐరోపా జాతిలో మగదాని కళ్ళు తల మీద నిలువుగా లేచిన సన్నని స్తంభం మీద ఉంటాయి. ఈ నిర్మాణాల్లో చాలావాటి కింద స్రావ గ్రంథులు ఉన్నాయి. జత కట్టే వేళ ఆడది తన నోటి భాగాలను మగదాని తల మీద ఆనించి ఆ స్రావాన్ని గ్రహిస్తుంది. తల ఉబ్బెత్తు అనేది ఈ ఉపకుటుంబమంతటా వేర్వేరు శాఖల్లో, వేర్వేరు తీరుల్లో కనిపించే లక్షణం కాబట్టి, ఒక్కదాన్నే పట్టుకుని ప్రజాతి పేరు రాయడం ప్రమాదకరం.

ఎంత ప్రమాదకరమో ఈడోథోరాక్స్ గిబ్బోసస్ అనే మరో మరుగుజ్జు సాలీడు కథ చెబుతుంది. జాన్ బ్లాక్‌వాల్ 1841లో బ్రిటన్ నుంచి రెండు మరుగుజ్జు సాలీళ్ళను రెండు వేర్వేరు జాతులుగా వర్ణించారు. ఒకదాని మగదానికి తల వెనుక పెద్ద గూని, దాని ముందు వెంట్రుకలతో నిండిన గాడి ఉన్నాయి. రెండవదానికి అంత గూని లేదు, గాడీ లేదు. నూట నలభై ఏళ్ళకు పైగా అవి రెండు జాతులుగానే పుస్తకాల్లో ఉన్నాయి. 1980లలో బెల్జియం పరిశోధకులు వాటిని ప్రయోగశాలలో పెంచి చూసినప్పుడు రెండు రకాల మగవీ ఒకే తల్లి గుడ్లలో నుంచి వచ్చాయి. అంటే ఒకే జాతిలో రెండు రూపాల మగవి ఉన్నాయన్నమాట. ఈ తేడాకు కారణం గూని ఉన్న మగవాటిలో మాత్రమే ఉండే ఒక పెద్ద జన్యుఖండమని 2022లో వెలువడిన పరిశోధన చూపింది. తల ఆకారాన్ని నమ్మి పేరు పెట్టబోయే ప్రతి విద్యార్థికీ నేను ఈ ఉదాహరణ చెబుతాను. ఆ రెండు మగవాటి పాల్ప్‌లలో మాత్రం తేడా లేదు.

కాళ్ళ విషయానికి వద్దాం. ఈ కుటుంబంలో గుర్తింపు పట్టికలన్నీ రెండు లక్షణాల మీద నడుస్తాయి. ఒకటి, నాలుగు జతల కాళ్ళ జంఘ ఖండాల పై వైపున నిలబడి ఉండే ముళ్ళ సంఖ్య. ఎరిగోనెలో మొదటి మూడు జతల కాళ్ళకు రెండేసి, నాలుగవ జతకు ఒకటి; దీన్ని 2-2-2-1 అని రాస్తారు. రెండవది, కాలి చివరి నుంచి రెండవదైన మెటాటార్సస్ ఖండం మీద ఉండే ట్రైకోబోత్రియం అనే అతి సన్నని, నిటారైన, గాలి కదలికను పసిగట్టే వెంట్రుక. నాలుగవ జత కాళ్ళ మెటాటార్సస్ మీద ఈ వెంట్రుక ఎరిగోనెలో ఉండదు, ఈడోథోరాక్స్‌లో ఉంటుంది. ముళ్ళ లెక్క రెండింటిలోనూ ఒకటే కావచ్చు కాబట్టి, ఈ వెంట్రుక ఉందా లేదా అన్నది ఆడవాటిని వేరు చేయడంలో కూడా ఎంతో ఉపయోగపడుతుంది. మొదటి కాలిలో ఆ వెంట్రుక ఖండం పొడవులో ఎంత దూరాన ఉందో కొలిచి, ఆ దూరాన్ని ఖండం మొత్తం పొడవుతో భాగించి భిన్నంగా రాయాలి. చూడటం కష్టమని విద్యార్థులు తరచూ అంటారు. పై నుంచి పడే వెలుతురు ఆపి, పక్క నుంచి ఒకే దీపం వేసి, కాలిని నెమ్మదిగా తిప్పుతూ చూస్తే అది మెరుస్తుంది. ముళ్ళు సులభంగా రాలిపోతాయి. రాలిన చోట గుండ్రని గుంట మిగులుతుంది కాబట్టి ముల్లు లేదనుకునే ముందు గుంట కోసం వెతకండి.

ఆడవాటి గురించి నేను ఎందుకు అంత జాగ్రత్త చెబుతున్నానంటే, ఎరిగోనె ఎపిజైన్ చాలా సాదా నిర్మాణం. అడ్డంగా ఉన్న కాస్త ఉబ్బిన పలక, దాని వెనుక అంచు, లోపల వీర్యకోశాలు, అంతే. ఒక జాతికీ మరో జాతికీ తేడా ఆ వెనుక అంచు వంపులో ఉంటుంది. ఐరోపా పొలాల్లో అతి సాధారణమైన ఎరిగోనె ఆట్రా, ఎరిగోనె డెంటిపాల్పిస్ ఆడవాటిని విడదీయడానికి కూడా మంచి సూక్ష్మదర్శిని కావాలి. పైగా ఈడోథోరాక్స్ రెటూసస్ వంటి కొన్ని మరుగుజ్జు సాలీళ్ళలో జత కట్టిన తరువాత మగది ఆడదాని జననరంధ్రాన్ని ఒక పదార్థంతో మూసివేస్తుంది. ఆ మూత ఉన్న ఎపిజైన్‌ను, లేనిదాన్ని పక్కపక్కన పెట్టి రెండు జాతులనుకునే అవకాశం ఉంది. ఎపిజైన్‌ను జాగ్రత్తగా విడదీసి లవంగ నూనెలో ఉంచితే కణజాలం పారదర్శకమై లోపలి నాళాలు కనిపిస్తాయి. మన ప్రాంతంలో ఎక్కడైనా దొరికే వస్తువు కాబట్టి ఖరీదైన రసాయనాల కోసం ఆగవలసిన పని లేదు.

మీ పాత పుస్తకం మరుగుజ్జు సాలీళ్ళన్నిటినీ ఎరిగోనె అనడానికి చరిత్రలో కారణం ఉంది. నెపోలియన్ ఈజిప్టు యాత్ర వెంట వెళ్ళిన సావిన్యీ అనే ప్రకృతి శాస్త్రవేత్త గీయించిన చిత్రపటాలకు, ఆయన చూపు దెబ్బతిన్నందువల్ల, విక్టర్ ఓడువాఁ వివరణ రాశారు. 1826లో వచ్చిన ఆ వివరణలోనే ఎరిగోనె వాగాన్స్ అనే జాతితో ఈ ప్రజాతి మొదలైంది. పందొమ్మిదవ శతాబ్దంలో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన చిన్న, నల్లని సాలీళ్ళను చాలామంది శాస్త్రవేత్తలు ఈ ఒక్క పేరు కిందే చేర్చారు. తరువాత యూజీన్ సిమాన్ వంటి వారు ఆ గుంపును చిన్న ప్రజాతులుగా విడదీస్తూ వచ్చారు. కాబట్టి పాత పుస్తకంలో ఎరిగోనె అన్న మాట కనిపిస్తే దాన్ని ఇప్పటి ఉపకుటుంబమంత విశాలమైన అర్థంలో చదవాలి. భారతదేశం నుంచి బి.కె. టికాదర్ 1981లో రోహ్‌తాంగ్ పేరు మీద వర్ణించిన ఎరిగోనె రోహ్‌తాంగెన్సిస్ ఉంది. అది హిమాలయాల జాతి, మన వరి పొలాలతో దానికి సంబంధం లేదు.

మీ సాలీడు పేరులో కూడా ఇలాంటి చిక్కే ఉంది. తైవాన్ నమూనాల ఆధారంగా దీన్ని 1977లో ఓయి అనే శాస్త్రవేత్త వర్ణించినప్పుడు కాలిట్రికియా అనే ప్రజాతిలో పెట్టారు. వరి మీద వచ్చిన పుస్తకాల్లో ఎక్కువగా అటిపీనా అని రాశారు. ఇదే గుంపులోని ఈడోథోరాక్స్ ప్రజాతిని ఇటీవల మొత్తంగా పునఃపరిశీలించినప్పుడు, ఒకప్పుడు అందులో ఉన్న ఎన్నో ఆసియా, ఆఫ్రికా జాతులు వేరే ప్రజాతులకు తరలిపోయాయి. ఈ గుంపులో ప్రజాతుల సరిహద్దులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అందువల్ల మీ వ్యాసంలో పేరు రాసేటప్పుడు ఫార్మోసానా అనే జాతి నామాన్ని, వర్ణించినవారి పేరును, 1977 అనే సంవత్సరాన్ని తప్పకుండా కలిపి రాయండి. ఆ మూడూ ఉంటే ప్రజాతి పేరు మారినా మీరు ఏ సాలీడు గురించి రాశారో చదివేవారికి తెలుస్తుంది. పేరు రాసే రోజున, సాలీళ్ళ పేర్ల జాబితా అయిన వరల్డ్ స్పైడర్ కేటలాగ్‌లో ప్రస్తుత స్థానం చూసుకోవడం కూడా అవసరం.

ఇది పేర్ల గొడవ మాత్రమే అనుకోవద్దు. ఈ చిన్న సాలీడు మన రైతుకు దగ్గరి సహాయకురాలు. ఒక్క దుబ్బు మొదట్లో ముప్ఫై, నలభై దాకా ఉండవచ్చని, వరి రసం పీల్చే పచ్చదోమ, సుడిదోమ పురుగుల పిల్లలను రోజుకు నాలుగైదు తింటుందని వరి కీటకశాస్త్రజ్ఞులు రాశారు. దోమపోటు మొదలయ్యేది కూడా సరిగ్గా అక్కడే, నీటికి కాస్త పైన, పిలకల మొదట్లో. అన్ని పురుగులనూ చంపే మందు తొందరపడి కొడితే ముందు పోయేది ఈ సాలీళ్ళు, ఆ తరువాత దోమ మరింత ఉద్ధృతంగా తిరిగి వస్తుంది. రైతులు వీటిని పెద్ద సాలీళ్ళ పిల్లలుగా భావించినప్పుడు, పెద్దవి కనబడలేదు కాబట్టి చేనులో సాలీళ్ళు లేవని లెక్క వేస్తారు. అవి ఎదిగినవేనని, ఆ చేనులోనే గుడ్లు పెట్టి పెరుగుతున్నాయని మీరు చెప్పగలిగితే ఆ లెక్క మారుతుంది.

సేకరణ గురించి కొన్ని మాటలు. కార్తీక మాసంలో మంచు పడిన ఉదయాలు దీనికి అన్నిటికంటే అనువైనవి, ఎందుకంటే నీటి బొట్లు పట్టిన చిన్న అడ్డపు గూళ్ళు గట్ల గడ్డి మీద, పిలకల మధ్య స్పష్టంగా కనిపిస్తాయి, సాలీడు ఆ పరుపు అడుగున తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. మంచు లేని రోజుల్లో సన్నగా నీరు చిమ్మే సీసాతో దుబ్బు మొదట్లో చల్లినా అదే పని జరుగుతుంది. గూడు లేకుండా గడ్డి కొసల మీద కడుపు పైకెత్తి నిలబడినవి కనిపిస్తే అవి దారం వదిలి గాలిలో తేలిపోవడానికి సిద్ధమవుతున్నాయని అర్థం; గాలి లేకపోయినా విద్యుత్ క్షేత్రం ఒక్కటే ఈ ప్రవర్తనను ప్రేరేపిస్తుందని 2018లో మోర్లీ, రాబర్ట్ అనే బ్రిస్టల్ శాస్త్రవేత్తలు ఎరిగోనె సాలీళ్ళ మీదే నిరూపించారు. అలా ఎగిరి వచ్చే జీవులు కాబట్టి ఒక మడిలో ఒకే ఒక్కటి దొరికితే దాన్ని ఆ మడి నివాసిగా వెంటనే రాయకండి. మహేంద్రగిరి వైపు అడవుల్లోకి వెళ్ళదలచుకుంటే అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోండి.

పట్టిన వాటిని 70 నుంచి 75 శాతం ఇథైల్ ఆల్కహాల్‌లో ఉంచండి, డి.ఎన్.ఏ. పని ఆలోచన ఉంటే కొన్నిటిని 95 శాతానికి తగ్గని ఆల్కహాల్‌లో, చల్లని చోట విడిగా దాచండి. ఒకే దుబ్బులో దొరికిన ఆడవీ మగవీ ఒకే సీసాలో ఉండాలి, వేరే పొలానివి వాటితో కలపకూడదు. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, బయట అంటించిన చీటీ ఏడాది తిరక్కుండా ఊడిపోతుంది. ఊరు, జిల్లా, తేదీ, పంట దశ, మడిలో నీరు ఉందా లేదా అన్నవి అందులో ఉండాలి.

మీ నమూనాను ఖాయంగా తేల్చడానికి నాకు ఇంకా మూడు ఫొటోలు కావాలి. మగదాని ఎడమ పాల్ప్‌ను బయటి వైపు నుంచి ఒకటి, ఎందుకంటే గ్రంథాల్లోని చిత్రాలు ఎక్కువగా ఎడమదే చూపుతాయి, పోల్చుకోవడం సులభం. అదే పాల్ప్ జంఘ ఖండాన్ని పై నుంచి ఒకటి. నాలుగవ కాలి మెటాటార్సస్‌ను పక్క వెలుతురులో ఒకటి. నలభై రెట్ల కంటే తక్కువ పెద్దది చేసి తీస్తే ఉపయోగం ఉండదు. ఇవి పెట్టే వరకు సీసా చీటీ మీద లినిఫియిడే, ఎరిగోనినే అని మాత్రమే రాసి ఉంచండి.